మా మరిది మెత్తన చేసిన దారి

మా మరిది పోయాడన్న కబురు నాకు పొద్దున్నే దీపం పెట్టే వేళ వచ్చింది. ఒత్తి నూనెలో తడిపి చేత్తో పట్టుకుని ఉన్నాను. ఫోను మా వారు తీశారు. "ఎప్పుడు?" అన్నారు. "కొట్లోనేనా?" అన్నారు. ఆ తర్వాత గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుండిపోయారు. ఇంక నాకెవరూ చెప్పనక్కర్లేకపోయింది. కొట్టున్న మనిషి మా కుటుంబంలో ఒక్కడే. హనుమాన్ జంక్షన్‌లో అతనిది మోటారు సామాన్ల కొట్టు. షట్టరు పైకెత్తి, లోపలికి వంగి, మళ్లీ లేవలేదట. గుండె ఆగిపోయింది.

నేను రాసే మనిషిని కాను. నా చదువు హైస్కూలుతో ఆగిపోయింది. ఉత్తరాలు తప్ప ఏమీ రాసి ఎరగను. గట్టిగా మాట్లాడే మనిషిని కూడా కాను. యాభయ్యో ఏట ఇప్పుడు కలం పట్టడానికి కారణం అతని చావు కూడా కాదు, పెద్దకర్మ నాటి భోజనాలు.

షామియానా కింద బంధువులంతా పంక్తిలో కూర్చున్నారు. మా వారు అందరినీ పలకరిస్తూ తిరుగుతున్నారు. ఏడ్చి ఏడ్చి ఆయన కళ్లు వాచిపోయి ఉన్నాయి. తమ్ముడి మీద ఆయన ప్రేమ అబద్ధమని నేను ఎప్పుడూ అనను.

"నా తమ్ముడు బంగారమండీ," అన్నారు ఆయన. "ఆ కారు పిచ్చి ఒక్కటి లేకపోతే ఇవాళ ఆ అమ్మాయికి ఇంత ఇబ్బంది ఉండేది కాదు."

గుడివాడ నుంచి వచ్చిన పినమామగారు ఒకరు పెరుగన్నం కలుపుకుంటూ, "మేమూ అనుకునేవాళ్లంలే," అన్నారు. "పెళ్లాం మంచంలో ఉంటే వీడు కారుకి సోకులు చేయిస్తున్నాడేంట్రా అని."

పంక్తిలో ఇంకో ఇద్దరు తలూపారు. నేను గారెల పళ్లెం పట్టుకుని ఆ పినమామగారి ఎదురుగానే నిలబడి ఉన్నాను.

"ఇంకోటి వెయ్యమ్మా," అన్నారు.

వేశాను.

అందుకని రాస్తున్నాను.

నేను కాపురానికి వచ్చేసరికి మా మరిది పదో తరగతి. మా పుట్టింటివాళ్లు ఇచ్చిన కుట్టుమిషనును వచ్చిన వారంలోనే విప్పి వసారా అంతా పరిచాడు. మళ్లీ బిగించాక ఒక మర మిగిలింది. దాన్ని నా చేతిలో పెట్టి, "ఇది అక్కర్లేదన్నమాట వదినా, కంపెనీవాళ్లు ఊరికే పెట్టారు," అన్నాడు. ఆ మిషను తర్వాత ఎన్నడూ తిన్నగా కుట్టలేదు. ఆ మాట అంటే పెద్దవాడయ్యాక కూడా ఒప్పుకునేవాడు కాదు. "నువ్వే వంకరగా తొక్కుతావు," అనేవాడు.

అతని నోరు మంచిది కాదు. ఉన్నమాట చెప్పుకోవాలి. కొట్లోకి వచ్చిన లారీ డ్రైవర్లు చవక సామాను అడిగితే, "చవకది కావాలా, ఇంటికెళ్లాలా?" అని అడిగేవాడు. అలా ఎంతమంది అలిగి పక్క కొట్టుకు పోయారో. గుడికి రమ్మంటే వచ్చేవాడు కాదు. శుక్రవారం నేను విజయవాడలో కొండెక్కి అమ్మవారిని చూసి వచ్చి ప్రసాదం చేతిలో పెడితే కళ్లకద్దుకుని తినేవాడు. తిన్నాక, "మీ అమ్మవారికి నా అడ్రసు మాత్రం చెప్పకు వదినా," అని నవ్వేవాడు. నాకు కోపం వచ్చేది. కోపం వచ్చినట్టు కనపడకుండా లోపలికి పోయేదాన్ని. అది కూడా అతనికి తెలిసేది.

ఆ కారు సంగతికి వస్తాను.

మద్రాసు రోడ్డును, కలకత్తా రోడ్డును తవ్వి నాలుగు వరసల హైవే చేస్తున్న రోజులు. విజయవాడలో ఒక డాక్టరుగారు మోజుపడి కొనుక్కుని, నడుం నొప్పి వచ్చి అమ్మేసిన కారు అది. ఎర్రటిది, చిన్నది. వెనక తలుపు పెట్టె మూతలా పైకి లేస్తుంది. కుర్రకారు వేగంగా నడుపుకోవడానికి తయారుచేసినది కాబట్టి నేలకు బాగా దగ్గరగా ఉండేది, కింద స్ప్రింగులు మహా గట్టివి. మలుపు తిరిగితే ఒరిగేది కాదు. గుంటలో పడితే మాత్రం పళ్లు టకటకమనేవి. నేను బతిమాలితే కొండ కిందికి తెచ్చి పూజ చేయించాడు. టైర్ల కింద పెట్టిన నిమ్మకాయలు తొక్కించి, "చూశావా, నిమ్మకాయ కూడా తెలుస్తోంది," అని మురిసిపోయాడు.

అంతకంటే మురిసిపోయింది మా తోడికోడలు. వాళ్లకు పిల్లలు లేరు. సాయంత్రం కొట్టు కట్టేశాక ఇద్దరూ ఆ కారులో గన్నవరం దాకా వచ్చి తిరిగి వెళ్లేవారు. జడలో పూలు నిలిచేవి కావు. "అక్కా, ఆ కారులో కూర్చుంటే కింద రూపాయి బిళ్ల పడున్నా బొమ్మో బొరుసో చెప్పొచ్చు," అనేది నాతో. నెమ్మదిగా పొమ్మని తను ఏనాడూ అనలేదు. వేగమంటే తనకే ఎక్కువ ఇష్టం.

తర్వాత తనకు వెన్నుపూసలో జబ్బు వచ్చింది. ఎముక లోపల పుచ్చిపోతోందన్నారు. నడుముకి పట్టీ బిగించి, పడుకోబెట్టి, కుదుపు తగలకూడదని చెప్పారు. నెలకోసారి హైదరాబాదు నుంచి ఒక పెద్ద డాక్టరు విజయవాడ సూర్యారావుపేటలో ఒక ఆస్పత్రికి వచ్చేవారు. ఆయన చూసి, ఎముక ఎలా ఉందో బట్టి మందు మార్చాలి. మా ఇల్లు ఆ దారిలోనే పటమటలో కాబట్టి వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు మా ఇంటి ముందు ఆగేవారు.

మొదటిసారి ఆగినప్పుడు నేను మంచినీళ్లు పట్టుకుని గేటు దగ్గరికి వెళ్లాను. మా తోడికోడలు వెనక సీట్లో పక్కకు తిరిగి పడుకుని ఉంది. చీర చెంగు నోట్లో కుక్కుకుని ఉంది. తీసి చూస్తే, పళ్లు దిగి చెంగు చిల్లులు పడింది. దారి పొడుగునా అరవకుండా అలా పట్టుకుని వచ్చిందట. మా మరిది ఆ చెంగు చూశాడు. మా మెట్ల మీద కూర్చుని, ఎదురుగా ఉన్న ఆ ఎర్ర కారుకేసి చాలాసేపు చూశాడు.

ఆ తర్వాత నెల అంబాసిడరు టాక్సీ తెచ్చాడు. మెత్తగా ఉంటుందనుకున్నాడు. దిగేసరికి ఆ పిల్ల మొహం తెల్లగా పాలిపోయింది. "ఇది గుంట దాటాక కూడా ఊగుతూనే ఉందక్కా. ఒక్క గుంటకి మూడుసార్లు నొప్పి," అంది. వ్యాను తెచ్చాడు, అదీ అంతే. ఆ రోజు మా వంటింటి గుమ్మంలో నిలబడి నాకు చెప్పాడు.

"స్ప్రింగు ఉయ్యాల లాంటిది వదినా. దానికి ఊగడమే తెలుసు, ఆగడం తెలీదు. దాన్ని పట్టి ఆపే చెయ్యి షాక్ అబ్జార్బరు. విసురుగా పట్టుకున్నావనుకో, లోపల పిల్ల ఉలిక్కిపడుతుంది. అసలు పట్టుకోలేదనుకో, ఊగి ఊగి కింద పడుతుంది. నా కారుకున్న చెయ్యి విసురుది. అంబాసిడరుకి చెయ్యే లేదు."

"మరి ఎట్లా అబ్బాయ్?"

"ఎక్కడ పట్టుకోవాలో, ఎక్కడ వదలాలో తెలిసిన చెయ్యి కావాలి. ఉందట. వెతుకుతున్నా."

ఇంట్లో ఉయ్యాల కట్టే భాగ్యం లేని మనిషి ఆ మాట చెబుతుంటే నేను పొయ్యి వైపు తిరిగి నిలబడ్డాను.

ఆటోనగర్‌లో అతనికి ఒక స్నేహితుడు ఉండేవాడు. మేం సాయిబుగారు అనేవాళ్లం. ఆయన తమ్ముడు దుబాయిలో పనిచేసేవాడు. ఆ తమ్ముడి ద్వారా ఒక చెక్కపెట్టె వచ్చింది. అందులో కొత్తరకం షాక్ అబ్జార్బర్లు, నాలుగు చక్రాలకు నాలుగు. ఒక్కొక్కదాని నెత్తిమీద ఒక చిన్న మోటారు. వాటి తీగలన్నీ వచ్చి అరచేతిలో పట్టే ఒక డబ్బాలో కలుస్తాయి. డబ్బా మీద మీటలు నొక్కితే కారు నడుస్తుండగానే కింద గట్టిదనం మారుతుంది. అవి రేసులు ఆడేవాళ్ల కోసం చేసినవి. వాళ్లు గట్టిగా చేసుకోవడానికి కొంటారు. మా మరిది మెత్తగా చేసుకోవడానికి కొన్నాడు. వాటితో పాటు స్ప్రింగులు కూడా మెత్తటివి వేయించాడు. సాయిబుగారి షెడ్డులో ఇద్దరూ కలిసి బిగించారు. "నీ మరిది మర మిగలనివ్వలేదమ్మా," అని సాయిబుగారు నాతో అన్నారు. కుట్టుమిషను కథ ఆయన దాకా ఎలా వెళ్లిందో.

బిగించగానే మా తోడికోడల్ని ఎక్కించలేదు. ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చాడు.

"వదినా, వంటయిందా?"

"అయింది. భోంచేస్తావా?"

"తర్వాత. నువ్వొచ్చి కారు వెనక సీట్లో పడుకో."

"సిగ్గులేదూ? వీధిలో అందరూ చూస్తారు."

"చూడనీ. పాపం వదినని ఆస్పత్రికి తీసుకెళ్తున్నాడు అనుకుంటారు. ఎప్పుడూ లేని మంచిపేరు నాకు."

నేను గుమ్మం దిగలేదు. అప్పుడు అతను హాస్యం మానేశాడు. "దాన్ని పడుకోబెట్టి ప్రయోగాలు చెయ్యలేను కదా వదినా," అన్నాడు. వెళ్లి పడుకున్నాను.

"నొప్పి తగిలినచోట చెప్పాలా?" అన్నాను.

"నువ్వు చెప్పవు. నొప్పి చెప్పే అలవాటు నీకు లేదు. నువ్వు రోజూ చదివే దేవుడి నామాలున్నాయి చూడూ, అవి పైకి చదువుతూ ఉండు. నోరు తడబడినచోట నాకు తెలుస్తుంది."

"మధ్యలో ఆపితే దోషం అబ్బాయ్."

"ఆపొద్దనే కదా చెబుతున్నా."

అలా పటమట నుంచి హనుమాన్ జంక్షన్ దాకా నేను కళ్లు మూసుకుని నామాలు చదువుతూ వెళ్లాను. రామవరప్పాడు దగ్గర ఒక నామం సగానికి విరిగింది. కారు ఆపి, వెనక్కి వెళ్లి, మీట మార్చి మళ్లీ అదే గుంటలో దింపాడు. "మళ్లీ అదే నామం చదువు." చదివాను. మళ్లీ విరిగింది. మళ్లీ వెనక్కి.

"ఒకే నామం ఎన్నిసార్లు చదవమంటావు?"

"ఆయనకేం విసుగు రాదుగా?"

కేసరపల్లి దగ్గర రోడ్డు తవ్వేసి కంకర పోసి ఉంది. అక్కడ నా నోట్లోంచి నామం రానేలేదు. "ఇక్కడ మీ దేవుడు పడిపోయాడు వదినా," అన్నాడు. నాకు నవ్వొచ్చింది. పక్కన ఆగిన లారీలోంచి క్లీనరు తొంగి చూసి, "ఏవైందన్నా, నొప్పులా?" అని అడిగాడు. నేను చెంగు మొహం మీదికి లాక్కున్నాను. మా మరిది గంభీరంగా, "ఆఁ, దేవుణ్ణి కంటోంది," అన్నాడు.

చాలాసార్లు తిరిగాం అలా. చివరికి ఒకరోజు ఒక్క నామం కూడా విరగకుండా జంక్షన్ చేరాను. ఎక్కడ ఎంత మెత్తగా ఉండాలో దారంతా అతనికి కంఠతా వచ్చేసింది. మరునాడు ఇంకో పని చేశాడు. ఆ డబ్బాను డ్రైవరు ముందు నుంచి తీసేసి, తీగ పొడిగించి, వెనక సీటు పక్కన పెట్టాడు, పడుకున్న మనిషి చేతికి అందేటట్టు.

"నొప్పి దానిది. మీట కూడా దాని దగ్గరే ఉండాలి," అన్నాడు.

నా వయసులో నేను చాలామంది భర్తల్ని చూశాను. ఆ మాట అన్న భర్తను ఇంకొకరిని చూడలేదు.

ఆ కారు మా గేటు ముందు మళ్లీ ఆగిన రోజు మా తోడికోడలు నోట్లో చెంగు లేదు. కళ్లలో నీళ్లూ లేవు. "అక్కా, ఏనికేపాడు దగ్గర కొత్త రోడ్డు వేశారు కదా, అక్కడ ఒక్క క్షణం గట్టిగా పెట్టి చూశా," అంది చిన్నగా. "బొమ్మ!" అంది. ముందు సీట్లో మా మరిది తల తిప్పకుండా, "నాకు తెలుసు," అన్నాడు. ఆమె గట్టి మీట నొక్కిన ఆ రోడ్డు ముక్కలో అతను కూడా కాస్త వేగం పెంచాడట.

కొన్ని నెలలు అలా సాగింది. డాక్టరుగారు ఎముక కుదురుకుంటోందన్నారు. ఒకసారి మా గేటు నుంచి వరండా దాకా గోడ పట్టుకుని నడిచి వచ్చింది. అరుగు మీద దిండు వేసుకుని కూర్చుని నాతో చిక్కుడుకాయలు వలిచింది. నేను దేవుడికి చెప్పుకున్న మొక్కులన్నీ ఒక్కొక్కటే తీరుస్తూ వచ్చాను.

ఇక్కడి నుంచి రాయడం నాకు కష్టం. అయినా రాయాలి.

గుడివాడ అవతల మా ఊళ్లో మాకు ఉమ్మడి పొలం ఉంది. పట్నంలో కొన్న బియ్యం తినడమంటే మా ఇంట్లో నామోషీ. పొలం ఉండీ కొట్లో బియ్యం కొన్నారట అని నలుగురూ అంటారని మా అత్తగారి రోజుల నుంచీ భయం. ఏటా కోతలయ్యాక మన బియ్యం మన ఇంటికి రావాలి. ఆ ఏడాది మా వారు ఊళ్లో ఒక గృహప్రవేశానికి వెళ్లాలని తమ్ముడి కారు అడిగారు. అన్నగారు అడిగితే తమ్ముడు లేదనడం వాళ్లింట్లో లేదు. మామగారు వాళ్ల చిన్నప్పుడే పోయారు. మా మరిదికి తండ్రయినా అన్నయినా మా వారే.

"వెనక బరువు వెయ్యకు అన్నయ్యా. ఎల్లుండి పొద్దున్నే దాన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి," అని ఒక్కమాట చెప్పి తాళాలిచ్చాడు.

ఊళ్లో కౌలుదారు బియ్యం మర పట్టించి సిద్ధంగా ఉంచాడు. "లారీ దాకా ఎందుకు, కారుందిగా," అనుకున్నారు మా వారు. డిక్కీ నిండా బస్తాలు వేయించారు, వెనక సీటు మడిచి దాని మీద కూడా వేయించారు. ఆ కారు స్ప్రింగులు ఇప్పుడు మెత్తటివి కదా, తోక నేలకి ఆనింది. కాలువ గట్టు మీద ప్రతి గుంటకీ కింద కొట్టుకుంటూ గుడివాడ చేరారు. అక్కడ రోడ్డు పక్కన ఎవరో పనివాడు, వెనక స్ప్రింగుల చుట్ల మధ్య రబ్బరు దిమ్మలు బిగించాడు. తోక లేచింది. మా వారు సంతోషించారు. బస్తాలు మా ఇంట్లో దింపుకుని, కారు శుభ్రంగా కడిగించి, చెప్పిన రోజు తెల్లవారుజామున ఒక డ్రైవరు చేత జంక్షన్ పంపించారు. చెప్పిన వేళకే పంపించారు. అందులో ఆయనను తప్పుపట్టడానికి లేదు.

వాళ్లు అప్పటికే సిద్ధంగా ఉన్నారు. మా తోడికోడల్ని ఎత్తి పడుకోబెట్టి బయల్దేరారు. మొదటి గుంటలోనే తను కేక వేసింది. మీట నొక్కింది. ఏమీ మారలేదు. మళ్లీ నొక్కింది. బస్తాల కింద పడి వెనక మోటార్లు నలిగిపోయాయి, తీగలు తెగిపోయాయి, షాక్ అబ్జార్బర్లు నూనె కారుతున్నాయి. పైగా ఆ దిమ్మలతో స్ప్రింగులు ఇనపముద్దల్లా అయిపోయాయి. తిరిగి ఇంటికి పోదామన్నాడట అతను. డాక్టరుగారు మళ్లీ నెల దాకా రారని, "పదండి, ఓర్చుకుంటాను," అందట తను. మనిషి నడిచినంత నెమ్మదిగా నడిపాడు. వాళ్లు ఆస్పత్రి చేరేసరికి డాక్టరుగారు రైలుకు వెళ్లిపోయారు.

మా ఇంటికి వచ్చాక ఆమెను నా మంచం మీద పడుకోబెట్టాం. మా మరిది వరండాలోకి వెళ్లాడు.

"అన్నయ్యా, వెనక స్ప్రింగుల్లో రబ్బరు దిమ్మలున్నాయి."

"ఆఁ, నేనే పెట్టించా. తోక నేలకి ఆనుతుంటే ఊరుకుంటానా? ఇప్పుడు చూడు, లక్షణంగా లేచి నిలబడింది. నీకు పని తప్పింది."

"డిక్కీలో ఏం వేశావు?"

"ఏం వేస్తాను, మన బియ్యమేరా. మన పొలం బియ్యం మన కారులో తెచ్చుకోకూడదా? నీకూ ఒక బస్తా తీసి ఉంచా, పట్టుకెళ్లు."

అతను అన్నగారి మొహంలోకి చూశాడు. ఏదో అంటాడనుకున్నాను. అంటే బాగుండుననుకున్నాను. తిన్నగా పెరట్లోకి వచ్చి కుళాయి కింద చేతులు కడుక్కుంటూ నిలబడ్డాడు. నేను తువ్వాలు పట్టుకెళ్లాను.

"ఆ బస్తా నాకొద్దు వదినా. ఎవరికైనా పెట్టెయ్."

"చెప్పు అబ్బాయ్ ఆయనకి. ఏం చేశారో చెప్పు."

"చెబితే ఏమవుతుంది? అన్నయ్య ఇంక మా గడప తొక్కడు. సిగ్గుతో చచ్చిపోతాడు. నాకున్నది అన్నయ్య ఒక్కడే." తువ్వాలు నా చేతికి తిరిగిచ్చాడు. "నువ్వూ చెప్పకు. నీ దేవుడి మీద ఒట్టు."

దేవుణ్ణి హాస్యానికి తప్ప ఎప్పుడూ తలవని మనిషి ఆ ఒక్కసారే నిజంగా తలిచాడు. అదీ నా నోరు కట్టెయ్యడానికి.

ఆ ఏడాదంతా మేం ఆ బియ్యమే తిన్నాం.

అలాంటి సామాను మళ్లీ దొరకలేదు. దుబాయిలో సాయిబుగారి తమ్ముడు పని మారి ఇంకో ఊరు వెళ్లిపోయాడు. మా మరిది పాడైనవాటినే విప్పి, కొత్త రబ్బర్లు వేసి, నూనె పోసి బిగించేవాడు. కొన్నాళ్లకే మళ్లీ కారేవి. మళ్లీ విప్పేవాడు. కొట్టుకి వచ్చిన బంధువులు అతను ఆ కారు కింద పడుకుని ఉండటం చూసింది అప్పుడే. సోకులు అన్నది దాన్నే. ఈలోగా ఆమె నెల తర్వాత నెల డాక్టరు దగ్గరికి వెళ్లలేకపోయింది. పాత చీటీ మీదే పాత మందులు వాడారు. ఆ షాక్ అబ్జార్బర్లు బాగుచేసి, పాత తీరుకి తెచ్చి, ఆమెను మళ్లీ పడుకోబెట్టి తీసుకెళ్లేసరికి వెన్నుపూస కుంగిపోయి కాళ్లు చచ్చుబడ్డాయి. ఆ రోజు నేనూ పక్కనే ఉన్నాను.

డాక్టరుగారు ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకి పెట్టి చూసి, "కుదురుకుంటుంటే మధ్యలో రావడం ఎందుకు మానేశారండీ?" అని కోప్పడ్డారు.

"రోడ్డు బాగాలేదండీ," అన్నాడు మా మరిది.

తిరిగి వస్తున్నప్పుడు కారు నీళ్ల మీద పడవలా వచ్చింది. ఆ మెత్తదనంతో ఇంక ఎవరికీ పని లేదు. అయినా ప్రతి ఆదివారం ఆమెను వెనక పడుకోబెట్టి కాలువ పక్కన తిప్పుకొచ్చేవాడు. నడుము కింద ఏమీ తెలియకపోయినా చెట్ల ఆకులు మీద నుంచి వెళ్లడం చూస్తే బాగుంటుందని ఆమె అనేదట. జనం అదీ చూశారు. పెళ్లాం అలా ఉంటే షికార్లు అన్నారు.

అది విధి అని మా వారు నమ్ముతారు. ఆమె జాతకం అంటారు. నేను రోజూ దీపం పెట్టే దేవుడి మీదికి ఆ నేరం నెట్టేసి ఆయన సుఖంగా భోంచేస్తారు. నాకు దేవుడి మీద కోపం లేదు. దేవుడు బస్తాలు వెయ్యలేదు.

పెద్దకర్మ అయిన రెండో రోజున కారు అమ్మేశారు. మా తోడికోడల్ని మైలవరంలో ఉండే ఆమె అన్నగారు తీసుకెళ్తానన్నారు. "డాక్టర్ల చుట్టూ తిప్పి ఇంక లాభమేముంది? ఆ అమ్మాయికి కారెందుకు?" అన్నారు మా వారు. "ఆ కారు ఉండనివ్వండి. నెమ్మదిగా నడిపే మనిషిని పెట్టుకుంటే ఆ పిల్ల కదలడానికి ఉంటుంది," అన్నాను నేను. నాకు చేతనైనంత గట్టిగానే అన్నాను. "నీకు తెలీదులే," అన్నారు. పటమట నుంచి బ్రోకరు వచ్చాడు. కారు చుట్టూ తిరిగి, లోపల చెయ్యిపెట్టి చూసి, "ఈ డబ్బా వెనక్కెందుకు పెట్టారండీ? చూడ్డానికి బాగాలేదు, పీకించేస్తాలెండి," అన్నాడు.

"మా వాడికి అలాంటి పిచ్చిపనులు ఎక్కువలే," అన్నారు మా వారు. అంటూ కళ్లు తుడుచుకున్నారు.

నేను ఒట్టు తప్పలేదు. నోటితో చెప్పనన్నాను, చెప్పలేదు. కాగితం మీద రాయనని అతను నన్ను అడగలేదు. ఈ కాగితాలు ఎవరి చేతికి వస్తే వారు దయచేసి చింపకండి, దాచండి. ఎవరికీ చూపించకండి. మా వారు బతికుండగా మా ఇంట్లో ఎవరి కంటా పడనివ్వకండి. మా మరిది కాపాడిన దాన్ని నేను పాడు చెయ్యకూడదు. కానీ అతని గురించి అబద్ధం తప్ప ఇంకేమీ మిగలకుండా పోవడం నాకు సహించలేదు.

బ్రోకరు కారు బయటికి తీస్తున్నప్పుడు నేను లోపల మా తోడికోడలి మంచం దగ్గర కూర్చుని ఉన్నాను. కొట్టు వెనక వాళ్ల ఇంటికీ రోడ్డుకీ మధ్య మురుగుకాలవ మీద రెండు నాపరాళ్లు పరిచి ఉంటాయి. అవి సమంగా ఉండవు. ఆమె కళ్లు మూసుకుని వింటోంది. ఇంజను శబ్దం కిటికీ పక్క నుంచి కదిలి గేటు వైపు వెళ్లింది. వేగం తగ్గలేదు. చక్రాలు రాళ్ల మీదికి ఎక్కబోయే క్షణాన మంచం మీద ఆమె రెండు చేతులూ దుప్పటిని గట్టిగా పట్టుకున్నాయి, భుజాలు పైకి లేచి బిగుసుకున్నాయి. బయట కారు దభీమని కాలవ దాటింది. శబ్దం రోడ్డు మీద కలిసిపోయి చాలాసేపయినా ఆ భుజాలు కిందికి దిగలేదు.